ఉప్పుగల్లు సూత్రం

చినపర్రు ప్లీడరు ఇవటూరి కామేశం గారు తన జన్మలో ఒక్క కేసు కూడా ఓడిపోలేదు. ఈ మాట ముందే చెప్పి ఉంచుతున్నాను. గోదావరికి ఎన్ని పాయలున్నాయో అన్ని పాయల గట్లూ గాలించి రండి. ఇటువంటి ప్లీడరు ఇంకొకడు కనబడితే నా మీసం తీయించుకుంటాను.

ఆయన గొప్పంతా ఆయన పట్టుకున్న విద్యలో ఉంది. ఊళ్లో మిగతా ప్లీడర్లు గట్టు తగాదాలూ, చేపల చెరువుల లీజులూ, మొగుడూ పెళ్లాల రాజీలూ చూసుకుంటూ ఉంటే కామేశం గారు మాత్రం ఆటల చట్టాన్నీ జూదాల చట్టాన్నీ చెరో చేత్తో పట్టుకున్నారు. కాజాల కొట్టు మీది మేడగదికి 'క్రీడా మరియు జూద చట్టముల విశేషజ్ఞులు' అని బోర్డు కట్టారు. కింద కాజాలు తినేవాళ్లు తలెత్తి ఆ బోర్డు చదివేవారు. చదివినవాళ్లలో కొందరు చేతులు కడుక్కుని మెట్లెక్కి వచ్చి, "ఈ వారం ఏ నంబరు తగులుద్దంటారండి?" అని అడిగేవారు.

"నేను నంబర్లు చెప్పేవాణ్ని కాదయ్యా, చట్టం చెప్పేవాణ్ని" అనేవారు కామేశం గారు.

"నంబరే చెప్పుంటే ఈపాటికి కింద కొట్టు కూడా మనదయ్యేదండి" అనేవాడు గుమాస్తా కోటిలింగం, ఫైలు మీద దుమ్ము దులుపుతూ.

ఈ విద్య ఆయనకు కాలువగట్టు రిక్రియేషన్ క్లబ్బు వల్ల అబ్బింది. ఆ క్లబ్బులో పెన్షనుదార్లు రమ్మీ ఆడుకుంటూ ఉంటే పోలీసులు వచ్చి ముక్కలు పట్టుకుపోయారు. కామేశం గారు కోర్టులో నిలబడి, రమ్మీ అంటే జ్ఞాపకశక్తి, గణితం, ఓర్పు అని మధ్యాహ్నం దాకా చెప్పారు. జడ్జీగారికి భోజనం వేళ మించిపోయింది. అప్పట్నుంచి జూదం కేసంటే కామేశం గారే. ఆ తరవాత ఆటల చట్టం మీద దేశమంతా ఒక వెర్రి లేచింది. పట్నంలో పెద్ద హోటల్లో సదస్సు పెడితే ఈయన కూడా వెళ్లి, సంచీ ఒకటి, మెళ్లో వేసుకునే బిళ్ల ఒకటి తెచ్చుకున్నారు. సంచీలో కూరలు తెచ్చేవారు. బిళ్ల మాత్రం చాలాకాలం కోర్టుకు వేసుకెళ్లారు.

అలాంటి రోజుల్లో క్రీడా నైపుణ్య నిర్ధారణ మండలి అని ఒకటి పుట్టింది. ఏది నేర్పుతో ఆడే ఆటో, ఏది అదృష్టంతో ఆడే జూదమో తేల్చి చెప్పడం దాని పని. దానికి చైర్మన్‌గా పాలంకి సర్వోత్తమరావు గారిని వేశారు. ఆయన చేపల శాఖ, స్టాంపుల శాఖ, పాత విగ్రహాల శాఖ చూసి రిటైరైన మనిషి. చిన్నప్పుడు మిగతా పిల్లలు ఆడుకుంటూ ఉంటే ఆయన గట్టు మీద నిలబడి హాజరు వేసేవారట.

ప్రారంభోత్సవానికి కామేశం గారిని పిలిచి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఎదురుగా కాలువగట్టు క్లబ్బు ప్రెసిడెంటు కూర్చుని ఉన్నాడు. సంతల్లో లోపలా బయటా అని పేకముక్క మీద పందెం కాయించే కోతముక్క ఆడించేవాళ్ల మీద ఆ పెద్దమనిషికి మహా కోపం. వాళ్ల వల్లే తమ రమ్మీకి చెడ్డపేరు వస్తోందని ఆయన బాధ. కామేశం గారు ఆయన్ని సంతోషపెడదామనుకున్నారు.

"అయ్యా, అదృష్టమనేది ఉప్పుగల్లు లాంటిది. కుండెడు పాలలో ఒక్క గల్లు వేసి చూడండి. ఉప్పు ఎంత, పాలు ఎన్ని అని పాలు లెక్కలు చూసుకోవు. విరిగి ఊరుకుంటాయి. కోతముక్కలో ఆ ఉప్పుంది. రమ్మీలో లేదు. ఇంతే చట్టం."

సభ చప్పట్లు కొట్టింది. చైర్మన్ గారు జేబులోంచి కలం తీసి రాసుకున్నారు. ఉపన్యాసాన్ని ఇంకొకరు రాసుకోవడం కామేశం గారికి అదే మొదలు. ఆ రాత్రి ఆయనకు అన్నం సహించలేదు, ఆనందంతో.

కొద్ది రోజులకే మండలివారి నియమావళి అచ్చయి వచ్చింది. ఏడో నియమం ఇలా ఉంది: 'ఏ ఆటయందైనను అదృష్టము ఉప్పుగల్లు ప్రమాణమున కానవచ్చినను సదరు ఆట యావత్తు జూదముగా పరిగణింపబడును.'

కామేశం గారు దానికి అద్దం కట్టించి కుర్చీ వెనక తగిలించారు.

"కోతముక్క మాట, రమ్మీ మాట ఎగిరిపోయినట్టున్నాయండి" అన్నాడు కోటిలింగం.

"సూత్రం అందాక ఉదాహరణలు దేనికిరా?" అన్నారు కామేశం గారు.

ఉదాహరణలు దేనికో తెల్లారేసరికి తెలిసింది. మండలివారికి తనిఖీల కోసం ఎస్సై దొమ్మేటి వీరభద్రాన్ని అప్పగించారు. వీరభద్రం మంచివాడు. రాసింది చదువుతాడు, చదివింది చేస్తాడు. మధ్యలో ఆలోచన అనే మజిలీ లేదు. ఆయన మొదట కాలువగట్టు క్లబ్బుకే వెళ్లాడు. ముక్కలు కలపడం, పంచడం అదృష్టం కిందికి వస్తాయన్నాడు. ముక్కలన్నీ బల్ల మీద వెల్లకిలా పరిచి, ఎవరికి కావలసినవి వాళ్లు అర్హతను బట్టి ఏరుకోవచ్చన్నాడు. పెన్షనుదార్లందరికీ జోకర్లే కావలసి వచ్చాయి. ముప్పై ఏళ్ల స్నేహాలు ఆ సాయంత్రం దెబ్బతిన్నాయి.

ఆ తరవాత మండలివారి మనుషులు వీధుల మీద పడ్డారు. అష్టాచెమ్మా గవ్వలు పట్టుకెళ్లారు. వైకుంఠపాళి పటాలు పట్టుకెళ్లి, పాములు ఉంచి నిచ్చెనలు చెరిపి తిరిగిచ్చారు. నిచ్చెన ఎక్కడం అదృష్టమేగానీ పాము నోట్లో పడడాన్ని అదృష్టమని ఎవరూ అనరు కదా! కాన్వెంటు బడి వార్షికోత్సవంలో కుర్చీలాట పెడితే, పాట ఎప్పుడు ఆగుతుందన్నది అదృష్టం కనుక పాట ఆపరాదని ఉత్తర్వు ఇచ్చారు. పాట ఆగలేదు. పిల్లలు కుర్చీల చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. సన్మాన గ్రహీతలు మాట్లాడి, దండలు వేయించుకుని, టీలు తాగి వెళ్లిపోయాక కూడా తిరుగుతున్నారు. చివరికి కరెంటు పోయింది. కరెంటు పోవడం అదృష్టమా, విద్యుత్ శాఖ నైపుణ్యమా అనే ఫైలు ఇంకా నడుస్తోందని వినికిడి.

సరిగ్గా ఇలాంటప్పుడు నూకరత్నం మేడమెట్లెక్కి వచ్చింది.

గొల్లలంక ఆడపిల్లల కబడ్డీ జట్టుకు ఆ అమ్మాయి కెప్టెను. పొద్దున్నుంచీ రొయ్యల షెడ్డులో రొయ్యలు వలుస్తుంది, సాయంత్రం లంక ఇసకలో కూతకెళుతుంది. గుమ్మం దగ్గరే ఆగిపోయింది.

"లోపలికి రామ్మా."

"ఇక్కడే బాగుందండి. రొయ్యల వాసనొత్తాది, మీ పుస్తకాలకి పట్టేత్తాది."

"వాటికి ఏదో ఒకటి పట్టాలి కదా, రా" అన్నాడు కోటిలింగం.

సంగతి ఇది. జిల్లా ఫైనల్లో గొల్లలంక జట్టు ఏటిమొగ జట్టుతో ఆడవలసి ఉంది. ఫైనల్ ఆడినట్టు సర్టిఫికెట్టు ఉంటే చాలు, గెలిచినా ఓడినా ఆటగాళ్ల కోటాలో కానిస్టేబులు ఉద్యోగానికి నూకరత్నం పేరు వెళుతుంది. ఈ నెల దాటితే వయసు దాటిపోతుంది. తీరా మొన్న మైదానంలో రిఫరీ టాస్ వేద్దామని రూపాయి బిళ్ల గాల్లోకి ఎగరేశాడు. అది కింద పడకముందే ఎస్సై వీరభద్రం పట్టుకున్నాడు. టాస్ అదృష్టం, కనుక కబడ్డీ యావత్తు జూదం అని చెప్పి, బిళ్లను సాక్ష్యంగా జేబులో వేసుకుని, ఆట ఆపించేశాడు.

"మేం పట్టుకునేది కాళ్లండి, పేకముక్కలు కాదు" అంది నూకరత్నం. అని, కామేశం గారి తల వెనక ఉన్న అద్దంలోని నియమాన్ని పెదవులు కదుపుతూ చదివింది. "ఇదేనండి, ఆ ఎస్సైగారు చదివింది. ఇది పుట్టించినాయన ఎవరో గానీ, ఆయన్ని తెచ్చి ఒక్కరోజు మా షెడ్డులో కూకోబెట్టాలండి."

కోటిలింగానికి దగ్గు వచ్చింది. కామేశం గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అది అంతకుముందే తుడిచి ఉంది.

"కేసు తీసుకుంటున్నాను" అన్నారు.

మండలి కార్యాలయం పాత మంచు ఫ్యాక్టరీలో ఉండేది. చైర్మన్ సర్వోత్తమరావు గారు ఇద్దరు సభ్యుల మధ్య ఎత్తు కుర్చీలో కూర్చున్నారు. సభ్యుల పని, ఆయన కుడివైపు చూస్తే కుడివైపాయన, ఎడమవైపు చూస్తే ఎడమవైపాయన తల ఊపడం. కామేశం గారిని చూడగానే చైర్మన్ గారి ముఖం వికసించింది.

"ఉప్పుగల్లు సూత్ర ప్రవర్తకులైన ఇవటూరి వారు స్వయముగా విచ్చేయుట ఈ మండలికి గర్వకారణము."

నూకరత్నం నెమ్మదిగా కామేశం గారి వైపు తిరిగింది.

"మీరేనాండి అయితే?"

"అది... వేరే సందర్భంలో అన్న మాటమ్మా."

"అంటే మన కేసు మీ మీదేనన్నమాట. మిమ్మల్ని మీరు ఓడించుకోగలరాండి?"

కామేశం గారు ఫైలు తెరిచి, మళ్లీ మూశారు. సూత్రం తనది. దాన్ని కాదంటే పేరు పోతుంది. అవునంటే ఈ పిల్ల జన్మంతా రొయ్యలు వలుస్తుంది. రెండూ పోకుండా చూద్దామని బయల్దేరారు. ప్లీడర్లు అన్నాక అక్కడే బోల్తా పడతారు.

"అయ్యా, సూత్రం అమోఘం. టాసే వద్దంటాం. మొదటి కూత ఏటిమొగ జట్టుకే ఇచ్చేస్తాం. ఇక అదృష్టం ఎక్కడిది?"

చైర్మన్ గారు కళ్లు మూసుకుని ఆలోచించారు.

"పరిశీలించడమైనది. ఏటిమొగ వారు ఎట్టి శ్రమయు చేయకయే మొదటి కూత పొందుచున్నారు. శ్రమ లేక లభించునది అదృష్టము గాక మరేమి? కావున తిరస్కరించడమైనది. నైపుణ్యాధారిత ప్రత్యామ్నాయ టాసు నిర్వహింపబడును."

ఆ టాసు ఏమిటంటే రాతపరీక్ష. ఇద్దరు కెప్టెన్లనూ కూర్చోబెట్టి 'కబడ్డీ యందు శ్వాస యొక్క ప్రాధాన్యమును సోదాహరణముగా వివరింపుము' అని ప్రశ్న ఇచ్చారు. ఎక్కువ మార్కులొచ్చిన కెప్టెనుకు కూత. పరీక్ష సంగతి తెలియగానే మంచు ఫ్యాక్టరీ గేటు ముందు సోడాలమ్మేవాడు గైడు అచ్చువేయించి అమ్మేశాడు. ఇద్దరమ్మాయిలూ ఆ గైడే బట్టీ పట్టారు. 'శ్వాస లేనిచో మనిషి జీవించజాలడు, కబడ్డీ అసలే ఆడజాలడు' అని ఇద్దరూ మొదలుపెట్టారు, ఒకే మాట దగ్గర ముగించారు. ఇద్దరికీ సమానంగా మార్కులొచ్చాయి.

"పోన్లెండి, సమానమేగా, ఇక ఆడనిచ్చేయండి" అంది నూకరత్నం.

"అమ్మాయీ, తొందరపడరాదు" అన్నారు చైర్మన్ గారు. "ఉభయ పక్షముల నైపుణ్యము సమానమని ప్రభుత్వ పరీక్ష ద్వారా నిర్ధారణ అయినది. నైపుణ్యము సమానమైనప్పుడు ఒకరు గెలుచుట యెట్లు? అదృష్టము వలననే కదా. కావున ఈ ఫైనల్ పోటీ సంపూర్ణ జూదమని తేలినది."

కుడివైపాయన తల ఊపాడు. ఎడమవైపాయన వంతు రాకుండానే ఊపాడు.

మెట్లు దిగుతూ కోటిలింగం అన్నాడు: "గట్టిగా వాదించకండి బాబూ. మీరు వాదించే కొద్దీ ఆటలు చచ్చిపోతున్నాయి."

కానీ కామేశం గారికి అప్పటికే ఉక్రోషం వచ్చింది. మర్నాడు మళ్లీ వెళ్లారు. నైపుణ్యం సమానం కాదనీ, తమ నూకరత్నం చేతులు మోకాళ్లను తాకేంత పొడవనీ, అలాంటి చేతులు జిల్లాలో లేవనీ, కనుక గెలిస్తే చేతుల వల్లే గెలుస్తుందనీ వాదించారు. నూకరత్నం చేత చేతులు చాపించి చూపించారు కూడా. అవి నిజంగానే పొడుగు చేతులు. ఎడమవైపు సభ్యుడి టీ గ్లాసు దాకా వెళ్లాయి.

చైర్మన్ గారు ముందుకు వంగారు.

"ఈ చేతుల పొడవు ఆమె సాధన వలన పొందినదా, జన్మతః లభించినదా?"

"పుట్టుకతో వచ్చిందేనండి" అంది నూకరత్నం. "మా అమ్మమ్మకీ ఇంతే. చెట్టెక్కకుండా మునక్కాయలు కోసేది."

కామేశం గారు కళ్లు మూసుకున్నారు.

"జన్మతః లభించినది!" అన్నారు చైర్మన్ గారు సభ్యుల వంక చూసి. "అనగా అదృష్టము శరీరమునందే ఉన్నది. ఇది ఉప్పుగల్లు కాదు, ఉప్పు మూట. హస్త పొడవు సమీకరణ ఉపసంఘమును ఏర్పాటు చేయడమైనది."

ఉపసంఘం చాలా చురుగ్గా పనిచేసింది. పొడుగు చేతులవాళ్లు మోచేతులు మడుచుకుని ఆడాలనీ, ఊపిరి ఎక్కువసేపు పట్టగలవాళ్లు ముందుగా మెట్లెక్కి దిగి రావాలనీ, ఎండ ఏ జట్టు కళ్లలో పడుతుందో తెలియదు గనుక ఇరుజట్ల కళ్లకూ గంతలు కట్టాలనీ నివేదిక ఇచ్చింది. గంతలు కట్టుకుని, చేతులు మడుచుకుని, ఆయాసపడుతూ ఇసకలో ఒకరినొకరు వెతుక్కునే ఆటకు కబడ్డీ అనే పేరు కొనసాగించవచ్చా అన్న సంగతి మాత్రం పై వారికి నివేదించింది. వాళ్ల నుంచి జవాబు రాలేదు, ఆట ఆగిపోయింది.

ఇప్పుడు మీరు నన్ను నిలదీస్తారు. ఒక్క కేసూ ఓడిపోలేదన్నావు కదయ్యా, ఇవేమిటి మరి అంటారు. నేను అన్నది నిజమే. ఆయన ఓడిన కేసు లేదు, ఎందుకంటే ఆయన కేసుల్లో తీర్పు వచ్చింది ఒక్కటీ లేదు. ఆ రమ్మీ కేసు కూడా జడ్జీగారు భోజనానికి లేచి వాయిదా వేసిందే, ఇంకా నడుస్తోంది. ముద్దాయిల్లో సగంమంది స్వర్గంలో ఆడుకుంటున్నారు. మీసం సంగతి అంటారా, అది నాకు మొదట్నుంచీ లేదు.

నెలాఖరు దగ్గరపడింది. నూకరత్నం మళ్లీ వచ్చింది. ఈసారి లోపలికి వచ్చి కుర్చీలో కూర్చుంది.

"మీకు చెప్పి పోదామని వచ్చానండి. మా మేస్త్రి రెండో షిఫ్టుకి కూడా రమ్మంటున్నాడు. ఇంక సాయంత్రాలు ఆట మానేత్తాను. మీరూ చాలా తిరిగేరు పాపం."

"ఇంకా గడువుంది కదమ్మా."

"గడువుందండి. గెలిచే దారే లేదు. మీరేమో మంచోరే, మీ నోరే మనకి అడ్డొచ్చేత్తంది."

ఆ అమ్మాయి తిట్టి ఉంటే కామేశం గారు సర్దుకునేవారు. పాపం అన్నది చూడండి, అది పట్టుకుంది ఆయన్ని. ఆమె వెళ్లిపోయాక లేచి, కుర్చీ వెనక అద్దం గోడ వైపు తిప్పి పెట్టారు. "రేపు ఆఖరి పిటిషన్ వేద్దాం. మండలి ఎదుట మోకరిల్లైనా సరే" అన్నారు.

మోకరిల్లవలసిన పని పడలేదు. మర్నాడు మంచు ఫ్యాక్టరీ జనంతో కిటకిటలాడుతోంది. క్యారమ్స్ వాళ్లు, గాలిపటాల వాళ్లు, ఎడ్లబళ్ల పందేల వాళ్లు, కుర్చీలాట పిల్లల తలిదండ్రులు, అందరూ పిటిషన్ రుసుము కట్టి రసీదులు పట్టుకుని నిలబడ్డారు. మండలివారు రోజుకు ఒక్క పిటిషనే వింటారు. ఎవరిది ముందు వినాలన్న గొడవ వచ్చింది. చైర్మన్ గారు చెయ్యెత్తి ఆపారు.

"శాంతించండి. పక్షపాతమునకు తావు లేకుండుటకై ఈ మండలి ఒక పారదర్శక విధానమును అవలంబించుచున్నది."

బంట్రోతు ఇత్తడి చెంబు తెచ్చి బల్ల మీద పెట్టాడు. అందులో పిటిషన్ నంబర్లు రాసిన చీటీలున్నాయి. చైర్మన్ గారు గట్టిగా కళ్లు మూసుకుని, ముఖం పక్కకు తిప్పుకుని, చెంబులో చెయ్యి పెట్టి కలిపి, ఒక చీటీ పైకి తీశారు.

"ఎడ్లబళ్లు!" అన్నాడు బంట్రోతు.

ఎడ్లబళ్లవాళ్లు ఈలలు వేశారు. క్యారమ్స్ వాళ్లు నొసలు కొట్టుకున్నారు. "రేపు తగుల్తుందిలే, మళ్లీ రుసుము కట్టు" అని ఎవరో ఇంకెవరినో ఓదార్చారు.

కామేశం గారు నిలబడి ఉన్నవారు నిలబడినట్టే ఉండిపోయారు. ఆయన ముఖం మీదకి సదస్సులో బిళ్ల వేసుకున్ననాటి వెలుగు వచ్చింది. నూకరత్నం చూసి భయపడింది.

"ఏమైందండి? మంచినీళ్లు తెమ్మంటారా?"

"ఎస్సైగారూ" అన్నారు కామేశం గారు, చాలా మెల్లగా. "మీకొక ప్రశ్న. జనం డబ్బు కడతారు. ఒకాయన చెంబులోంచి చూడకుండా చీటీ తీస్తాడు. చీటీ వచ్చినవాడికి దక్కుతుంది, రానివాడు కట్టింది పోతుంది. దీన్ని సంతలో ఆడిస్తే ఏమంటారు?"

"జూదమేనండి" అన్నాడు వీరభద్రం. ఆలోచించలేదు, అలవాటు లేదు కదా.

"ఇక్కడ ఆడిస్తే?"

వీరభద్రం చెంబు వంక చూశాడు. చైర్మన్ గారి చేతిలో చీటీ వంక చూశాడు. జేబులోంచి నియమావళి తీసి తొమ్మిదో నియమం దగ్గర వేలు పెట్టి పైకి చదివాడు: "'జూదము ఎవరి సమక్షమున, ఎవరిచే జరుపబడినను, వారి హోదాతో నిమిత్తము లేక, పై ఉత్తర్వులకై వేచియుండక, సాధనములతో సహా తక్షణమే స్వాధీనపరచుకొనవలెను.' ఇది తమరు రాసిందేనాండి?"

"మేమే రచించితిమి. అయితే..."

"దయచేసి జీపెక్కండి సార్. చెంబు నేను పట్టుకుంటాను."

"వీరభద్రం, ఇది విచారణ ప్రక్రియ! ఇది జూదము కాదు. ఇందు అదృష్టము నామమాత్రము!"

"క్లబ్బు ప్రెసిడెంటు గారు కూడా అచ్చం ఇలాగే అన్నారండి" అన్నాడు వీరభద్రం గౌరవంగా, జీపు తలుపు తీస్తూ.

ఠాణా వరండాలో బల్ల మీద చైర్మన్ గారూ, ఇద్దరు సభ్యులూ కూర్చున్నారు. చినపర్రులో జూదం కేసంటే ఎవరికి కబురు పంపుతారు? కామేశం గారు కాజాల పొట్లం పట్టుకుని వెళ్లారు, వెనక కోటిలింగం, నూకరత్నం.

"ఇవటూరి వారూ, మమ్ములను బయటపడవేయు మార్గము సెలవియ్యండి" అన్నారు చైర్మన్ గారు. ఆయన చొక్కా ఒక్క పూటలోనే నలిగిపోయింది.

"మార్గం ఒకటే ఉంది బాబూ. ఏమాత్రం అదృష్టమున్నా అంతా జూదమే అన్నంతకాలం తమరు జూదగాళ్లే. కాస్త అదృష్టముంటే ఫరవాలేదు, ఆట ఆటే అన్నారా, తమరు పెద్దమనుషులు."

"కాని అది మీ సూత్రము కదా. ప్రవర్తకులే నిరాకరించినచో..."

కామేశం గారు ఒకసారి నూకరత్నం వంక చూశారు. ఆ అమ్మాయి గోళ్ల చివర రొయ్యల పొట్టు ఇంకా అంటుకునే ఉంది.

"ఆ సూత్రం తప్పండి" అన్నారు ఆయన. "చప్పట్ల కోసం అన్నాను. పాలకి ఉప్పు పోలిక పెట్టానే గానీ, ఆటంటే పాలు కాదని తట్టలేదు. ఆటంటే కూరండి. ఉప్పు వేయకపోతే ఎవరూ తినరు."

కోటిలింగం ముఖం అటు తిప్పుకున్నాడు. పదేళ్ల నౌకరీలో ఆయన నోట తప్పు అన్న మాట అతను వినడం అదే.

"సభ్యులు ముగ్గురమును ఉన్నాము గనుక కోరము ఉన్నట్లే" అన్నారు చైర్మన్ గారు, నడుం నిటారుగా చేసి. బల్ల మీదే సమావేశం మొదలైంది. స్థలము: ఠాణా వరండా. సవరించిన ఏడో నియమం: 'ఆటయందు అదృష్టమును రుచికి తగినంత అనుమతించడమైనది.' కుడివైపాయన, ఎడమవైపాయన ఈసారి ఒకేమారు తల ఊపారు. వీరభద్రం సవరణ చదివి, అయితే నేరమే లేదని చెప్పి, చెంబు తిరిగి ఇచ్చేసి, అందినట్టు సంతకం చేయించుకున్నాడు. రిఫరీ గారి రూపాయి బిళ్లను కూడా ఇచ్చేశాడు.

మర్నాడు సాయంత్రం ఫైనల్ జరిగింది. రిఫరీ అదే బిళ్ల ఎగరేశాడు. నూకరత్నం బొమ్మ అంది, బొరుసు పడింది. ఏటిమొగ జట్టువాళ్లు ఎండ వీపుకు తగిలే వైపు కోరుకున్నారు. గొల్లలంక పిల్లలు కళ్లు చికిలించుకుంటూ, ఏటిగాలికి ఎదురుగా ఆడారు. చైర్మన్ గారు ముందు వరుసలో కూర్చుని, మొదట హాజరు వేసుకున్నారు గానీ, ఆట సగమయ్యేసరికి కుర్చీ మీద నిలబడి అరుస్తున్నారు. ఆఖరి కూతకు నూకరత్నం వెళ్లింది. ఆ పొడుగు చెయ్యి చాపి ఒక్కపిల్లను తాకి, గీత మీద పడింది. ఒక్క పాయింటుతో గొల్లలంక గెలిచింది. కామేశం గారు ఏడ్చారు, ఏటిగాలికి కంట్లో ఇసక పడిందన్నారు. సర్టిఫికెట్టు ఆ సాయంత్రమే చేతికొచ్చింది. నూకరత్నం ఇప్పుడు చినపర్రు బస్టాండు సెంటర్లో కానిస్టేబులు. ఆమె చెయ్యి చాపితే అవతలి వీధిలో బళ్లు కూడా ఆగుతాయి.

ఇందులో ఏది కల్పించావు తాతా అని మీరు ఎలాగూ అడుగుతారు. మండలివారిని జీపెక్కించడం కల్పన అనుకుంటున్నారు కదా. కాదు. కరెంటు పోయేదాకా పిల్లలు తిరగడమూ కాదు. నేను కల్పించింది ఒక్కటే, ఆ ఆఖరి కూత. ఆ రోజు గొల్లలంక ఓడిపోయింది, ఒక్క పాయింటుతో. ఎండ కళ్లలో కొట్టి నూకరత్నం చెయ్యి జానెడు దూరంలో ఆగిపోయింది. రాస్తూ రాస్తూ అక్కడికొచ్చేసరికి మనసొప్పక గెలిపించేశాను.

నిన్న బస్టాండు సెంటర్లో కనబడితే ఈ సంగతి చెప్పాను. బళ్లు ఆపి విన్నది.

"ఉద్యోగం వచ్చింది కదా తాతగారూ, మళ్లీ గెలుపు కూడా నాకే దేనికండి? ఏటిమొగ పిల్లలు బాగా ఆడేరు ఆ రోజు. వాళ్లు చదివితే ఏమనుకుంటారు? మార్చెయ్యండి."

సరే అన్నాను. ఏటిమొగ గెలిచింది.